బొగ్గు దుమ్ము మీద నీటి చుక్క

గ్లాసెడు మంచినీళ్ల మీద మెత్తటి బొగ్గు పొడి చిటికెడు చల్లి చూడండి. మునగదు. బొగ్గు నీటికన్నా బరువైన పదార్థమే. అయినా ఆ పొడి నల్లటి పొరలా పైనే పరుచుకుని, ఎంతసేపైనా అట్లాగే ఉంటుంది. బట్టల సబ్బుపొడి కరిగించిన నీళ్లు రెండు చుక్కలు గ్లాసు అంచు వెంట జారవిడిస్తే పొర చీలిపోతుంది, రేణువులు దారాలు దారాలుగా అడుక్కి దిగుతాయి. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ఉపరితల రసాయనం పాఠం నేను ఈ గ్లాసుతోనే మొదలుపెడతాను. బొగ్గు గనుల ఊళ్లయిన గోదావరిఖనిలోనో సెంటినరీ కాలనీలోనో పెరిగిన పిల్లలకు బొగ్గు దుమ్మును కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. దండెం మీది బట్టల్లో, కిటికీ చువ్వల మీద, వేసవిలో ఆరుబయట వేసిన మంచాల మీద వాళ్లు చూస్తూ పెరిగిందే. అది నీటిని ఎందుకు ఒల్లదో మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

మా బాపు బొగ్గు బాయి దిగిన మనిషి. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తడంతో మొదలుపెట్టి, యంత్రాలు వచ్చినంక వాటి వెంట పనిచేసి రిటైరయ్యాడు. "నీళ్లు కొడ్తె దుమ్ము అణుగుతదనుకుంటరు బిడ్డా. ఎండు దుమ్ము మీద జోరుగ కొడ్తె ఇంకింత లేస్తది" అనేవాడు. ఆయన మాట అక్షరాలా నిజం. అట్లా లేచిన దుమ్మును నీళ్లు సులువుగా పట్టుకోలేవు. వేగంగా వచ్చే పెద్ద నీటిచుక్క ముందున్న గాలి పక్కకు తప్పుకుంటుంది, ఆ గాలితో పాటే అతి సన్నటి రేణువూ తప్పుకుంటుంది. ఒకవేళ రెండూ ఢీకొన్నా, రేణువు చుక్క లోపలికి పోకుండా పైనుంచే జారిపోవచ్చు.

ఆ సన్నటి రేణువే మనిషికి హాని. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. అయిదు మైక్రాన్లకన్నా సన్నటి దుమ్ము ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల లోతుకు పోయి అక్కడే ఉండిపోతుంది, ఏళ్ల తరబడి పేరుకుని ఆ మెత్తటి కణజాలాన్ని గట్టిపరుస్తుంది. మన దేశపు బొగ్గు గనుల నిబంధనలు 2017లో మారినప్పుడు, సిలికా తక్కువగా ఉన్న చోట ఘనమీటరు గాలిలో ఇలాంటి దుమ్ము రెండు మిల్లీగ్రాములకు మించకూడదని పెట్టారు. ఊపిరి సంగతి ఒక్కటే కాదు. గాలిలో లేచిన పొడి దుమ్ము అంటుకుంటే పేలుతుంది. 1906లో ఫ్రాన్సులోని కూరియేర్ గనిలో 1099 మంది, 1965లో మన దేశంలో ధన్‌బాద్‌కు దగ్గరలోని ఢోరి గనిలో 268 మంది దుమ్ము పేలుళ్లలోనే పోయారు. దుమ్మును తడపడం ఎంత పెద్ద పనో ఈ అంకెలే చెబుతాయి.

మన గనుల్లో నీళ్లు చల్లని చోటు లేదు. రామగిరి ఖిల్లా గుట్టలకు దగ్గర్లో ఉన్న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో 2014 నుంచి షియరర్ యంత్రం బొగ్గును చెక్కుతోంది. ఇలాంటి యంత్రాలకు తిరిగే డ్రమ్ముల దగ్గరే నీళ్లు చిమ్మే నాజిళ్లు ఉంటాయి. ఓసీపీల్లో, అంటే ఉపరితల గనుల్లో, డంపర్లు తిరిగే దారి మీద ట్యాంకర్లు పోతూనే ఉంటాయి. బొగ్గును నలగ్గొట్టి పంపే సీహెచ్‌పీలో క్రషర్ దగ్గర స్ప్రేలు పెడతారు. నీళ్లున్నాయి, బొగ్గు వాటిని పట్టుకోవడం లేదు. పట్టుకోవడం, పట్టుకోకపోవడం రెండూ తేలిపోయేది రేణువు పై పొరలోనే, మిల్లీమీటరులో పది లక్షల వంతో, రెండు వంతులో మందం ఉన్న చోట. ఆ మందాన్ని నానోమీటరు అంటాం. అక్కడ ఏం జరుగుతుందో కంటితో చూడలేం, మామూలు సూక్ష్మదర్శినితోనూ చూడలేం. కాగితం మీద, ఇప్పుడైతే కంప్యూటర్‌లో, లెక్క కట్టి చూడాల్సిందే.

బొగ్గులో ఎక్కువ భాగం కార్బన్. ఆరేసి కార్బన్ పరమాణువులు వలయంగా కూడి, ఆ వలయాలు పక్కపక్కన అతుక్కుని పలకలైపోయి ఉంటాయి. ఈ పలకల మీద నీటికి పట్టు దొరకదు. నీటి అణువులకు తమలో తాము పట్టుకునే బలం చాలా ఎక్కువ. నీటి ఉపరితల తన్యత 25 డిగ్రీల దగ్గర మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. చాలా బొగ్గుల మీద ద్రవం తనంతట తాను పరుచుకోవాలంటే అది దాదాపు 45కు దిగాలి. సబ్బునీళ్లు గ్లాసులో చేసిన పని ఇదే అని పిల్లలు వెంటనే అంటారు. సగమే నిజం. మిగిలిన సగం బొగ్గు తలం మీద జరుగుతుంది, అక్కడ విద్యుదావేశం అడ్డుపడుతుంది.

ఎందుకంటే బొగ్గంతా కార్బన్ కాదు. పలకల అంచుల్లో అక్కడక్కడా ఆక్సిజన్ ఉన్న గుంపులుంటాయి. నీళ్లు తగలగానే వాటిలో కొన్ని తమ హైడ్రోజన్‌ను అయానుగా వదిలేసి ఋణావేశంతో మిగులుతాయి. నీళ్లు ఆమ్లంగా ఉంటే ఆ హైడ్రోజన్‌ను తిరిగి పట్టుకుంటాయి, క్షారంగా ఉంటే ఇంకా ఎక్కువ వదులుతాయి. మన గోదావరి లోయ బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, అంటే బంకమట్టి, ఇసుక రేణువులు బొగ్గులోనే కలిసిపోయి ఉంటాయి. మామూలు నీళ్లలో వాటి తలాలదీ ఋణావేశమే. ఇంకొక సంగతి. బొగ్గు గాలి తగిలేకొద్దీ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అందుకే గనిలో బొగ్గు కోసే ఫేస్ మీద ఇప్పుడే లేచిన దుమ్ముకూ, యార్డులో నెలల తరబడి కుప్పగా ఉన్న బొగ్గు దుమ్ముకూ ఆవేశం ఒకటి కాదు. రెండూ ఒకే సీమ్‌ది, అంటే ఒకే పొరది, అయినా సరే.

ఆవేశం ఉన్న తలాన్ని ఆనుకుని నీళ్లు ఎట్లా ఉంటాయన్న ప్రశ్న 19వ శతాబ్దంలోనే మొదలైంది. తలం మీద ఒక వరస ఆవేశం, దానికి ఎదురుగా నీళ్లలో మరో వరస వ్యతిరేక ఆవేశం అని హెల్మ్‌హోల్ట్స్ ఊహించాడు. 1910లో ఫ్రాన్సులో గుయీ, 1913లో ఇంగ్లండులో చాప్‌మన్ విడివిడిగా దీన్ని సరిదిద్దారు. ఆవేశం అయాన్లను దగ్గరికి లాగుతుంది, వేడి వాటిని చెదరగొడుతుంది. రెండింటి మధ్య అయాన్లు వరసగా నిలబడవు, తలం దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా మబ్బులా పరుచుకుంటాయి. ఆ మబ్బు మందం నీళ్లలో ఎంత ఉప్పు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. లీటరుకు 0.0001 మోల్ మామూలు ఉప్పు ఉంటే దాదాపు 30 నానోమీటర్లు, 0.01 మోల్ ఉంటే 3 నానోమీటర్లే. ఉప్పు వందరెట్లు పెరిగితే మబ్బు పదోవంతుకు కుంచించుకుపోతుంది. ఒక్క సమీకరణంలో ఇంత తేటగా వచ్చే ఫలితాలు రసాయనశాస్త్రంలో కొన్నే ఉన్నాయి. బోర్డు మీద దాన్ని రాసినప్పుడల్లా నాకు ఆనందంగా ఉంటుంది.

అయితే ఈ లెక్క ఒక చోట విరుగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ప్రతి 25.7 మిల్లీవోల్టులకూ, ఒక ఆవేశం ఉన్న అయాను తలం దగ్గర 2.7 రెట్లు చిక్కబడుతుంది. తలం మీద 200 మిల్లీవోల్టులు ఉన్నాయనుకుందాం. అప్పుడు అయాన్లు దాదాపు 2400 రెట్లు చిక్కబడాలి. బయట లీటరుకు 0.1 మోల్ ఉప్పుంటే తలం దగ్గర 240 మోల్ ఉండాలన్నమాట. లీటరు నీళ్లలో నీటి అణువులే 55 మోల్‌కు మించవు! అయాన్లకు పరిమాణం లేదనుకున్నందుకు వచ్చిన అసంబద్ధం ఇది. 1924లో ఒట్టో స్టెర్న్ ఆ తప్పును దిద్దాడు. అయానుకు ఒళ్లుంటుంది, తలానికి ఒక హద్దు వరకే దగ్గరవుతుంది, అక్కడ ఉన్న చోట్లు కూడా లెక్కకు ఇన్నే ఉంటాయి అన్నాడు.

చోట్ల లెక్క స్టెర్న్‌కు ముందే లాంగ్‌మ్యూర్ 1918లో కట్టి పెట్టాడు. గనిలోకి మనుషుల్ని దింపే మ్యాన్‌రైడింగ్ చెయిర్లను తలుచుకుంటే అది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్కో చెయిర్‌కు ఒక్క మనిషే. ఖాళీలు ఎక్కువుంటే ఎక్కేవాళ్లు వెంటవెంటనే ఎక్కుతారు. నిండేకొద్దీ బయట ఎంతమంది నిలబడినా ఎక్కే వేగం తగ్గుతుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ సమానమైనప్పుడు ఎన్ని చెయిర్లు నిండి ఉంటాయో అదే లాంగ్‌మ్యూర్ సమీకరణం చెబుతుంది. ద్రవంలోని అణువులు ఘనతలం మీద ఇట్లా చోటు పట్టుకోవడాన్ని అధిశోషణం అంటాం. పక్క చోటులో ఉన్న అణువు కొత్తదాన్ని రమ్మంటుందా, పొమ్మంటుందా అన్న సంగతిని 1925 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త ఫ్రుమ్‌కిన్ ఆ సమీకరణంలో చేర్చాడు.

ఇంతమంది లెక్కలోనూ ఒక లోటు ఉండిపోయింది. ఖాళీ చోటు అనుకున్నది నిజానికి ఖాళీగా లేదు, అక్కడ నీటి అణువులు కూర్చుని ఉన్నాయి. తలం ఆవేశాన్ని బట్టి అవి అటో ఇటో మొగం తిప్పుకుని ఉంటాయి. 1963లో బాక్రిస్, శ్రీలంకకు చెందిన దేవనాథన్, ముల్లర్ కలిసి రాసిన పరిశోధనా పత్రంతో ఈ సంగతి లెక్కల నడిమధ్యకు వచ్చింది. 1980లలో మన దేశంలోనే ఎస్.కె. రంగరాజన్, ఎం.వి. సంగరనారాయణన్ ఈ దారిలో, ఆవేశం లేని సేంద్రియ అణువులు ఎలక్ట్రోడ్ మీద చేరే తీరుకు సమీకరణాలు కట్టారు. కొత్త అణువు ఒకటి తలం మీదికి రావాలంటే అక్కడున్న నీటి అణువులు కొన్ని లేచిపోవాలి. తలం మీద ఆవేశం, ధనమైనా ఋణమైనా, బాగా పెరిగితే నీళ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి, ఆవేశం లేని అణువుకు చోటు దొరకదు. ఆవేశం సున్నాకు దగ్గరైనప్పుడే దానికి వీలు. పాదరసపు ఎలక్ట్రోడ్ మీద కొలిచి నేర్చుకున్న పాఠమే అయినా బొగ్గు దగ్గరా ఇది తలుచుకోవలసిందే.

ఇక గ్లాసు దగ్గరికి. సబ్బుపొడి అణువులో ఒక చివర ఋణావేశం ఉన్న తల, దాని వెనక కార్బన్ల పొడుగాటి తోక. బొగ్గుదీ ఋణావేశమే. ఋణానికి ఋణానికి పడదు కదా, మరి ఆ అణువు బొగ్గు మీదికి ఎట్లా పోయింది? లెక్క వేద్దాం. బొగ్గు తలం దగ్గర మైనస్ 40 మిల్లీవోల్టులు ఉన్నాయనుకుంటే, ఆవేశాల వికర్షణ వల్ల ఆ అణువులు దాదాపు 4.7 రెట్లు తగ్గుతాయి. తోక సంగతి వేరు. తోకలో ఒక్కో కార్బన్ పెరిగినకొద్దీ, నీళ్లు విడిచి ఉపరితలానికి చేరే తహతహ దాదాపు మూడు రెట్లవుతుందని 1891లో ట్రౌబే గాలి, నీళ్ల హద్దు మీద గమనించాడు. పన్నెండు కార్బన్ల తోకకు మూడును పన్నెండు సార్లు గుణిస్తే 5,31,441. బొగ్గు మీద అంత లాభం రాదు, సగం కార్బన్లకే కలిసొచ్చిందనుకుందాం. అప్పుడూ 729 రెట్లు. 4.7 రెట్ల నష్టం దాని ముందు ఎంత? తోక బొగ్గు పలకను ఆనుకుని పడుకుంటుంది, తల నీళ్లవైపు తిరిగి ఉంటుంది. అట్లాంటి తలలు వరసగా పరుచుకున్నాక నీళ్లకు బొగ్గు బొగ్గులా అనిపించదు, పట్టు దొరుకుతుంది, రేణువు మునుగుతుంది.

తల మీద ధనావేశం ఉన్న రసాయనాలూ ఉన్నాయి, జుట్టు కండిషనర్లలో వాడే రకం. వాటిని కలిపితే బొగ్గుకూ వాటికీ ఆకర్షణే కాబట్టి ఇంకా బాగా పనిచేస్తాయని అనిపిస్తుంది. తక్కువ మోతాదులో సరిగ్గా తలకిందులవుతుంది. ధనావేశపు తల బొగ్గు మీది ఋణావేశపు గుంపుకు అతుక్కుంటుంది, తోక నీళ్లలోకి పొడుచుకుని ఉంటుంది. నీటికి కాస్తో కూస్తో పట్టు ఇస్తున్న ఆ గుంపులు కూడా మూసుకుపోయి దుమ్ము ఇంకా మొండిదవుతుంది. మోతాదు పెంచితే మొదటి పొర తోకల మీద రెండో పొర తోకలు చేరి, తలలు బయటికి తిరిగి, అప్పుడు తడుస్తుంది. అంటే ఒకే రసాయనం ఒక మోతాదులో దుమ్మును ఎండగడుతుంది, ఇంకో మోతాదులో తడుపుతుంది. డ్రమ్ము మీది లేబుల్ చూసి ఇది తెలియదు. ఎక్కువగా వాడితే మంచిదే అనుకుని పోసినా ఖర్చు పెరగడమే కాదు, ఆ నీళ్లు చివరికి వాగులోకే పోతాయి.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి కాల్షియం గురించి చెప్పాలి. గనుల్లో చల్లేది తరచుగా గనిలోంచే తోడిన నీళ్లు, వాటిలో రాతి లవణాలుంటాయి. కాల్షియం అయానుకు రెండు ధనావేశాలు. అదే 40 మిల్లీవోల్టుల దగ్గర సోడియం 4.7 రెట్లు చిక్కబడితే కాల్షియం దాదాపు 22 రెట్లు చిక్కబడుతుంది. అది బొగ్గు ఆవేశాన్ని కప్పేసి సబ్బు అణువులకు దారి సులువు చేస్తుంది, అది లాభం. అదే కాల్షియం కొన్ని రకాల సబ్బు అణువులను పట్టుకుని ముద్ద కట్టిస్తుంది, అది నష్టం. బోరు నీళ్లలో బట్టలుతికే ప్రతి ఇల్లాలికీ ఈ నష్టం తెలుసు. లాభం గెలుస్తుందా నష్టం గెలుస్తుందా అన్నది ఫలానా బాయి నీళ్లలో కాల్షియం ఎంత, పీహెచ్ ఎంత, రసాయనం ఏది అన్న వాటిని బట్టే తేలుతుంది.

రామగుండంలో ఇదే శాస్త్రానికి ఇంకో కొలువుంది, పొగగొట్టాల కింద. ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రంలో బొగ్గు మండాక గాలిలో ఎగిరే బూడిదకు వేల వోల్టుల తీగలతో ఆవేశమెక్కించి, లోహపు పలకల మీదికి లాగి పట్టుకుంటారు. మన దేశపు బొగ్గులో గంధకం తక్కువ. అందువల్ల బూడిద రేణువుల పైన విద్యుత్తును కాస్త ప్రవహించనిచ్చే ఆమ్లపు పొర సరిగ్గా ఏర్పడదు, పలక మీద చేరిన బూడిద ఆవేశాన్ని వదలదు, కొత్త బూడిదను రానివ్వదు. ఇట్లాంటి చోట కొన్ని దేశాల్లో, మన దగ్గరా కొన్ని కేంద్రాల్లో, పొగలోకి అమ్మోనియానో గంధకపు ట్రైఆక్సైడునో కొద్దిగా వదులుతారు. ఆ అణువులు బూడిద మీద అధిశోషణం చెంది దాని నిరోధాన్ని తగ్గిస్తాయి. బొగ్గు దుమ్ముకు తడి కోసం వేసే లెక్కా ఇదీ అన్నదమ్ములే.

ఇప్పుడు ఈ లెక్కలు కంప్యూటర్‌లో చేస్తున్నారు. బొగ్గు పలక ఒకటి, దాని మీద వేల నీటి అణువులు, కొన్ని సబ్బు అణువులు, ఆవేశం సరిపోయేలా సోడియమో కాల్షియమో. ఒక్కో పరమాణువు మీద మిగిలినవన్నీ పెట్టే బలాన్ని కట్టి, సెకనులో కోటి కోట్ల వంతులో పదోవంతు అంత చిన్న అంగలో దాన్ని జరుపుతారు. ఇట్లా కోటి అంగలు వేస్తే గడిచేది సెకనులో పది కోట్ల వంతు మాత్రమే. అయినా తోక ఎటు పడుకుంది, తల ఎటు తిరిగింది, నీళ్లు ఎక్కడ చిక్కబడ్డాయి అన్నవి కనబడతాయి. ఎలక్ట్రాన్ల అమరిక కూడా కావాలంటే వాల్టర్ కోన్ 1964, 65లలో వేసిన సిద్ధాంతం ఉంది, ఆయనకు 1998లో నోబెల్ వచ్చింది. దాంతో కొన్ని వందల పరమాణువుల వరకు చూడొచ్చు. ధన అయాను ఒకటి కార్బన్ వలయం మీద ఎట్లా, ఎంత బలంగా కూర్చుంటుందో లెక్క కట్టిన పనుల్లో హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఉన్నప్పుడు జి. నరహరి శాస్త్రి బృందం చేసింది ప్రపంచమంతా వాడుకుంటోంది. బొగ్గు అంటే కార్బన్ వలయాలే కదా. ఆ పనికి కావలసిన చెయ్యి మనకు బస్సు దూరంలోనే ఉంది.

నా బాధ ఒక్కటే. ఈ కంప్యూటర్ లెక్కల్లో బొగ్గు అనగానే చాలామంది తెచ్చి పెట్టేది 1970లలో అమెరికాలో వైజర్ గీసిన అణువు. అది అక్కడి బిట్యూమినస్ బొగ్గుల సగటు బొమ్మ. దాన్ని గీసిన మనిషిని నేను తప్పు పట్టను, ఆయన తన బొగ్గును తాను గీసుకున్నాడు. మన పాతిక కోట్ల ఏళ్ల నాటి గోండ్వానా బొగ్గులో ఆక్సిజన్ పాలు వేరు, మట్టి కలిసిన తీరు వేరు, తలం మీద ఆవేశం వేరు. పైన నేను వాడిన మైనస్ 40 మిల్లీవోల్టులు కూడా లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకే. ఒక్కో సీమ్‌కు దాని అసలు అంకె కావాలి. అందుకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఏ పీహెచ్ దగ్గర ఆవేశం సున్నా అవుతుందో చూడడం, ఆక్సిజన్ గుంపుల్ని టైట్రేషన్‌తో లెక్కపెట్టడం, నీటిచుక్క పలక మీద ఎంత కోణంలో నిలబడుతుందో కొలవడం. ఇవి ఎమ్మెస్సీ విద్యార్థులు ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా చెయ్యగల పనులు. ఆ అంకెలుంటే కంప్యూటర్‌లో మన బొగ్గు అణువును కట్టే పని హైదరాబాద్‌లో జరుగుతుంది.

రామగుండం ప్రాంతంలో ఒకటో సీమ్ నుంచి నాలుగో సీమ్ దాకా ఉన్నాయి. ప్రతి సీమ్ నుంచి ఇప్పుడే కోసిన బొగ్గు ఒక సంచి, యార్డులో పాతబడిన బొగ్గు ఒక సంచి, ఆ బాయిలో తోడిన నీళ్లు ఒక క్యాను, మూడూ కలిపి ప్రయోగశాలకు పంపాలి. నీళ్ల క్యాను మరిచిపోకూడదు. నాలుగో సీమ్ దుమ్మును స్వేదనజలంలో వేసి కొలిస్తే వచ్చే ఆవేశం, కాల్షియం ఉన్న ఆ బాయి నీళ్లలో ఎక్కడా ఉండదు.